ఏడో కోను

"ఇంకోసారి చదవండి మాస్టారూ. డాక్టరు మూడో రౌండు, సగం దారి," అన్నాడు భూతద్దం.

టేపు మాస్టారు విసుగు దాచుకోలేదు. కాగితం చుట్ట మళ్ళీ విప్పాడు. "ఇరవై ఒకటి పాయింటు నాలుగు సెకన్లు. ఇప్పటికి నాలుగుసార్లు చదివించారు. అయిదోసారికి అంకె మారుతుందా ఏమిటి?"

మారదు. ఆ సంగతి భూతద్దానికీ తెలుసు. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అది అడగడానికి నోరు రాక పాత ప్రశ్ననే తిప్పి తిప్పి అడుగుతున్నాడు.

ఇద్దరి గురించీ రెండు ముక్కలు చెప్పుకుంటేగాని కథ ముందుకు నడవదు. టేపు మాస్టారు భూముల సర్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే మంచాలూ కుర్చీలూ కొలుస్తున్నాడని భార్య పోరు పెడితే ఆటోక్రాస్ క్లబ్బుకి కార్యదర్శిగా వచ్చిపడ్డాడు. పాడుబడ్డ విమానాల మైదానంలో నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు పేర్చి మెలికల దారి వేస్తాడు. ఆ దారిలో ఒక్కో కారూ విడిగా పరిగెడుతుంది. పందెం పక్క కారుతో కాదు, గడియారంతో. కోను పడగొడితే రెండు సెకన్లు జరిమానా. పొద్దున కారు తోలినవాళ్ళు మధ్యాహ్నం దారి పొడుగునా ఇద్దరిద్దరుగా నిలబడి పడ్డ కోన్లు ఎత్తి, నేల మీద వాటికి గీసిన గడుల్లో పెట్టాలి. అందులో చిన్నా పెద్దా తేడా లేదు.

ఇక భూతద్దం. ముప్పై ఏళ్ళు క్రైం బ్రాంచిలో చేసి, ఇప్పుడు సొంతంగా బోర్డు పెట్టుకుని కేసులు చూస్తున్న డిటెక్టివ్. దేన్నయినా ముక్కుకి ఆనించుకుని చూస్తాడని క్లబ్బు కుర్రకారు పెట్టిన పేరది. ఆదివారం ఆదివారం తన బుల్లి కారేసుకుని వస్తాడు. ఆఖరి స్థానం ఎవరికీ ఇవ్వడు.

గత ఆదివారం పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం రెండుంబావుకి పళ్ళ డాక్టరు కారు ఏడో కోనుని కొట్టి, నీళ్ళ మీద జారి, గిరగిరా తిరిగి, కాంక్రీటు లైటు స్తంభానికి కొట్టుకుంది. ఆస్పత్రికి చేరేలోపే డాక్టరు ప్రాణం పోయింది. తీరా చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టం తెగి ఉంది. పొద్దున ఆ బ్రేకులు సరిచేసింది గారేజీ మేస్త్రి. కిందటి నెల ఆ మేస్త్రి గెలిచిన కప్పుని, టైర్లు రూలు ప్రకారం లేవని ఫిర్యాదు చేసి వెనక్కి ఇప్పించింది ఈ డాక్టరే. పోలీసులకి ఇంకేం కావాలి? నిన్న సాయంత్రం మేస్త్రిని లాకప్పులో పెట్టారు. ఇవాళ మూడింటికి కోర్టుకి తీసుకెళ్తారు. హత్య కేసు గనక బెయిలు మాట మరిచిపోవాల్సిందే.

పొద్దున్నే మేస్త్రి భార్య చంకలో బిడ్డతో వచ్చి భూతద్దం గుమ్మంలో నిలబడింది. "ఆయన నాతో కూడా మాట్లాడట్లేదు బాబాయ్. గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు. మీరైతేనే బయటికి తేగలరు," అంది. మిగతావాళ్ళలా ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. ఈయన మాటిస్తే పనైపోయినట్టేనన్న నమ్మకంతో చూసింది. ఆ చూపుకి భూతద్దం తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

ఎందుకంటే ఆ ఆదివారం ఏడో కోను దగ్గర నిలబడ్డ ఇద్దరిలో ఒకడు మేస్త్రి. రెండోవాడు భూతద్దం. మేస్త్రి పని జెండా. భూతద్దం పని కోను. డాక్టరు కన్నా ముందు వెళ్ళిన కారు ఏడో కోనుని పడగొడితే దాన్ని నిలబెట్టింది భూతద్దమే. ఆ సాయంత్రమే పోలీసులకి వాంగ్మూలం రాసిచ్చాడు: "పడిన కోనును దాని గడిలోనే నిలబెట్టాను." కింద సంతకం. ఆ ఒక్క వాక్యం వల్లే దారిలో తప్పు లేదని తేలింది. దారిలో తప్పు లేకపోతే తప్పు కారుది. కారుదంటే మేస్త్రిది.

ఆ వాక్యం అబద్ధమని ఆయనకి తెలియదు. నిజమనీ తెలియదు. వానకి కళ్ళజోడు మసకేస్తే తీసి జేబులో పెట్టుకున్నాడు. తడుముకుంటూ వెళ్ళి, నేల మీద పచ్చగీతల గడి ఒకటి కనపడితే అందులో పెట్టేసి వచ్చాడు. అది చెప్పడానికి సిగ్గేసింది. భూతద్దానికి కళ్ళు కనపడలేదంటే క్లబ్బంతా నెల రోజులు నవ్వుకుంటుంది. అంతే. ఆ పాటి సిగ్గుకి ఒక మనిషి మెడ మీద కత్తి వేలాడుతోంది.

"మాస్టారూ, ఆదివారం మీరు రాసుకున్న పుస్తకం తీయండి. రెండు పధ్నాలుగు నుంచి చదవండి."

మాస్టారు చదివాడు. "రెండు పధ్నాలుగు. ఏడో కోను పడింది, రెండు సెకన్లు జరిమానా. రెండు పధ్నాలుగు, ఇరవై రెండు సెకన్లు. ఏడు క్లియర్. రెండు పధ్నాలుగు, యాభై. డాక్టరు బయల్దేరాడు. తర్వాత ఇదిగో, సగం దారి సెన్సర్ దాటినట్టు ఇరవై ఒకటి పాయింటు నాలుగు. ఆ పైన ఏమీ లేదు."

"ఏడు క్లియర్ అని చెప్పిందెవరు?"

"ఎవరేమిటి? వాకీటాకీలో మీ గొంతేగా."

భూతద్దం మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఖాళీది. మళ్ళీ పెట్టేశాడు.

"గడులు ఎప్పుడు గీశారు?"

"పొద్దున ఆరింటికి. ఒక్కో కోను చుట్టూ గీత గీస్తేనేగా పడ్డది మళ్ళీ అక్కడే పెట్టేది. మామూలప్పుడు సుద్దముక్క. వానరోజున సుద్ద నిలవదు కనక మైనపు కడ్డీతో గీస్తాం."

"పొద్దున గీసినవే మధ్యాహ్నం కూడానా?"

ఇదీ అడగాల్సిన ప్రశ్న. మాస్టారు తాపీగా జవాబిచ్చాడు. "ఒక్కటి మార్చాను. ఏడోది. స్తంభం వైపు నీళ్ళు నిలుస్తున్నాయి. కారు అటు పోతే ప్రమాదమని విరామంలో కోనుని ఆరడుగులు ఇవతలికి జరిపి కొత్త గడి గీశాను. మైకులో చెప్పాను కదండీ. మీరు లేరా?"

భూతద్దం లేడు. విరామంలో కారు సీటు వెనక్కి వాల్చుకుని కునుకు తీస్తున్నాడు.

"పాత గడి చెరిపారా?"

"మైనం నీళ్ళకి పోతుందా? కిరసనాయిలు పోసి రుద్దాలి. ఆ వానలో ఎవడు రుద్దుతాడు? కొట్టివేతగా అడ్డంగా గీత లాగాను. కళ్ళున్నవాడెవడికైనా తెలుస్తుంది."

"ఈ సంగతి పోలీసులకి చెప్పారా?"

"వాళ్ళడగలేదు. అడిగినా చెప్పేదేముంది? కోను గడిలోనే ఉందని మీరు రాసిచ్చారుగా. మీ అంతటి మనిషి చెప్పాక ఇంక తిరుగేముంది?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, ఇంట్లోవాడి మీద చెయ్యి వెయ్యడం ఎవరికీ తోచక. భూతద్దం లేచి, క్లబ్బు గది మూల ఉన్న నీళ్ళ క్యాను చేత్తో పట్టుకుని మైదానంలోకి నడిచాడు. అప్పటికి పన్నెండు నలభై.

నేల పొడిగా ఉంది. కోన్లన్నీ తీసేశారు. పోలీసులు స్తంభం చుట్టూ టేపు కట్టారుగాని, ఏడో కోను చోటుని ఎవరూ పట్టించుకోలేదు. వట్టి తారు. పొడి నేల మీద మైనపు గీత కనపడీ కనపడనట్టుంది. భూతద్దం క్యాను వంచి సన్నగా నీళ్ళు చల్లాడు. తారు నల్లబడింది. మైనం ఉన్నచోట నీళ్ళు అంటుకోక పక్కకి జారాయి. చూస్తుండగానే గడి ఒకటి పచ్చగా తేలింది. నాలుగు గీతలూ శుభ్రంగా ఉన్నాయి. అది కొత్తది.

ఆరడుగులు అవతలికి జరిగి ఇంకాస్త చల్లాడు. రెండో గడి తేలింది. మధ్యలో ఏటవాలుగా ఒక కొట్టివేత.

ఇంతవరకూ వచ్చాక కూడా ఆయనకి ఆశ చావలేదు. కోను నేను కొత్త గడిలోనే పెట్టి ఉండొచ్చుగా అనుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, అలవాటు ప్రకారం జేబులోంచి పెద్దగా చూపే అద్దం తీసి నేలకి ముక్కు ఆనించాడు. కొత్త గడి చుట్టూ ఏమీ లేదు. పాత గడి అంచున నారింజ రంగు గీర ఉంది. కారు కొట్టి ఈడ్చుకుపోయిన ప్లాస్టిక్ నేలకి రాసుకుని వదిలిన గీర. అది సరిగ్గా ఆ గడిలో మొదలై స్తంభం వైపు రెండు గజాలు సాగి ఆగిపోయింది. పొద్దున ఏడో కోనుని ఎవరూ తాకలేదు. ముందు కారు కొట్టినప్పుడు కోను ఇవతల గడిలో ఉంది, ఇటు వైపు పడింది. కాబట్టి ఈ గీర డాక్టరు కారుదే.

అద్దం జేబులో పెట్టుకున్నాడు. అలాగే కూర్చుండిపోయాడు. "నేనే," అన్నాడు పైకి. వినడానికి ఎవరూ లేరు.

జీపు చప్పుడైంది.

దిగినవాడు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు భూతద్దం కింద ట్రైనింగైనవాడే. గురువు నీడలోంచి బయటపడటానికి పదేళ్ళు పట్టింది. ఆ కసి ఇంకా తీరలేదు.

"సార్, రిటైరయ్యాక నేల కడిగే పనిలో చేరారా?"

"కేసు తప్పు కట్టావయ్యా."

"అబ్బో. ఎక్కడ తప్పిందో చెబితే దిద్దుకుంటాను."

భూతద్దం క్యాను ఊతంగా పట్టుకుని లేచాడు. "సగం దారి సెన్సర్‌కి ముందు రెండు మలుపులున్నాయి. బ్రేకు గట్టిగా తొక్కకుండా రెండూ దాటడం ఎవడివల్లా కాదు. మూడో రౌండులో డాక్టరు సగం దారికి ఇరవై ఒకటి పాయింటు నాలుగు సెకన్లలో వచ్చాడు. ముందు రెండు రౌండ్ల కన్నా అదే మెరుగు. గొట్టం ముందే కోసి ఉంటే మొదటి మలుపులోనే గడ్డిలో ఉండేవాడు."

ఇన్‌స్పెక్టరు స్తంభం కేసి చూశాడు.

"బ్రేకు ఆయిలు ఎక్కడ కారింది? స్తంభం మొదట్లో. బయల్దేరిన చోట చుక్క లేదు, దారిలో చుక్క లేదు. గొట్టం తెగింది స్తంభానికి కొట్టుకున్నప్పుడు. మేస్త్రి చేతిలో ఏ పాపమూ లేదు."

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. వేలితో గడ్డం రుద్దుకున్నాడు. "బ్రేకులు బాగున్నాయి. దారీ బాగుంది. దానికి మీ సంతకమే సాక్ష్యం. మరి కారెందుకు తిరిగింది సార్? దెయ్యం తిప్పిందా?"

భూతద్దం క్యానుని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నాకు తెలిసి కారణం ఒక్కటే," ఇన్‌స్పెక్టరు కొనసాగించాడు. "గొట్టం కాకపోతే ఇంకోటి. స్టీరింగో, చక్రం బోల్టో. మేస్త్రి చేతికి కారులో వంద చోట్లున్నాయి. వెతుకుతాను. ఈలోగా మూడింటికి కోర్టు. తప్పు చేయనివాడు స్టేషన్లో గోల చేస్తాడు సార్, మీరే నేర్పారు. వీడు కుక్కిన పేనులా పడున్నాడు. దానికేమంటారు?"

భూతద్దం కిందికి చూశాడు. ఎండకి నేల ఆరుతోంది. పాత గడి రెండు మూలలు అప్పటికే మాయమయ్యాయి. ఇన్‌స్పెక్టరు వాటి మీదే నిలబడ్డాడు, చూడలేదు. ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు, మొత్తం ఆరిపోతుంది. మాస్టారిని ఎవరూ అడగరు. తను వేరే దారి వెతకొచ్చు. మంచి వకీలుని పెట్టొచ్చు. ఏడాదికో రెండేళ్ళకో మేస్త్రి బయటికొస్తాడు. ఈ ఆలోచనలన్నీ ఆయన బుర్రలో వరసగా వచ్చాయి. ఒక్కోటీ ఎంతో తెలివైనదిగా కనపడింది. అందుకే ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది. ముప్పై ఏళ్ళపాటు బల్లకి అవతల కూర్చున్న ప్రతివాడూ ఇలాగే లెక్కలేసుకుని ఉంటాడు.

"పక్కకి జరుగు," అన్నాడు. క్యానులో మిగిలిన నీళ్ళన్నీ పాత గడి మీద కుమ్మరించాడు.

మొత్తం చెప్పాడు. కళ్ళజోడు జేబులో ఉన్న సంగతీ, విరామంలో కునుకు సంగతీ, గడి చూసుకోకుండా సంతకం పెట్టిన సంగతీ. కోను ఎక్కడుంటే డ్రైవరు అక్కడికే కారు తిప్పుతాడనీ, డాక్టరు అలాగే తిప్పి సరాసరి నీళ్ళలోకి వెళ్ళాడనీ చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "సార్, మీ మేస్త్రి మీద ప్రేమ ఉంటే ఉండొచ్చు. అతని పాపం మీ నెత్తిన వేసుకుంటే నేను నమ్మాలా? మీరు గడి తప్పి కోను పెట్టారా? మా బ్యాచ్‌లో వేలిముద్ర ఒక పక్కకి ఒరిగిందని నన్ను మూడుసార్లు తిరగరాయించిన మనిషి మీరు."

నిజం చెబితే నమ్మేవాడు లేడు. అబద్ధాన్ని మాత్రం ఆదివారం సాయంత్రం కళ్ళకద్దుకుని తీసుకున్నారు. భూతద్దం జేబులోని అద్దాన్ని తీసి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి, మెడ మీద చెయ్యేసి కిందికి వంచాడు. "ఆ నారింజ గీర ఎక్కడ మొదలైందో చూడు. నోటితో కాదు, కళ్ళతో చూడు."

ఇన్‌స్పెక్టరు చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి మొహంలో నవ్వు లేదు. గురువుని గెలిచినందుకు సంతోషించాలో వద్దో తెలియని మొహం.

"రెండు కేసులవుతాయి సార్," అన్నాడు మెల్లగా. "తప్పుడు వాంగ్మూలం, నిర్లక్ష్యం వల్ల చావు. మీ డిటెక్టివ్ లైసెన్సు పోతుంది. ఈ వయసులో జైలు..."

"చట్టం నాకు చెప్పకు. జీపెక్కు."

స్టేషన్లో భూతద్దం కొత్త వాంగ్మూలం తన చేత్తోనే రాశాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి మాటా రెండుసార్లు చదువుకుని. "డాక్టరుగారి మరణానికి కారణం నేను" అని రాసేటప్పుడు కలం ఆగింది. ఆదివారం నుంచీ ఒక్కసారి కూడా ఆయన డాక్టరు ఇంటికి వెళ్ళలేదు. ఆ ఇల్లాలి ఎదుట నిలబడి ఈ మాట చెప్పాల్సి వస్తుందని ఇప్పుడే గుర్తొచ్చింది. అయినా సంతకం చేశాడు. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

"ఇక మేస్త్రిని వదిలేస్తావుగా?"

"వదిలేస్తాను. కాగితం పని పది నిమిషాలు."

"ఆ పది నిమిషాలూ వాడితో మాట్లాడనీ."

ఇన్‌స్పెక్టరు తలుపు తీసి గుమ్మంలోనే ఆగాడు. గదిలో బల్ల, రెండు కుర్చీలు. మేస్త్రి మనిషి సగమైపోయాడు. గ్రీజు మరకల చొక్కా నిన్నటిదే. భూతద్దాన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా," అన్నాడు భూతద్దం. "నువ్వు ఇంటికి వెళ్ళొచ్చు. డాక్టరు కారు తిరిగింది నీవల్ల కాదు. నావల్ల. కోను తప్పు గడిలో పెట్టింది నేను. ఇప్పుడే రాసిచ్చి వచ్చాను. నన్ను క్షమించమని అడగడానికి మొహం లేదు గాని..."

మేస్త్రి కూర్చోలేదు. గోడకి ఆనుకున్నాడు.

"నాకు తెలుసు బాబాయ్," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీరు కోను ఎక్కడ పెట్టారో చూశాను. కొట్టేసిన గడిలో పెట్టి 'క్లియర్' అన్నారు."

భూతద్దానికి ఒక్క క్షణం ఆ మాట ఎక్కలేదు. ఎక్కాక కుర్చీ పట్టుకున్నాడు.

"చూస్తే చెప్పలేదేం? నీ చేతిలో ఎర్రజెండా ఉందిగా. ఎత్తితే డాక్టరు బయల్దేరేవాడే కాదు."

"ఎత్తబోయాను. పక్క కోను దగ్గర కుర్రాళ్ళు పొద్దున్నుంచీ మీమీద జోకులేస్తున్నారు. మీరు విననట్టు నటిస్తున్నారు. ఇప్పుడు జెండా ఎత్తి కారు ఆపితే, పెద్దాయనకి గడి కూడా కనపడలేదని నలుగురిలో మీ పరువు తీసినట్టవుతుంది. ఎలా ఎత్తను? ఈ ఒక్క కారూ పోనీ, తర్వాత నెమ్మదిగా నేనే జరుపుదామనుకున్నాను."

"అందుకని నోరు మూసుకుని లాకప్పులో కూర్చున్నావా?"

"నోరు తెరిస్తే మీ పేరు చెప్పాలి. మీ పేరు చెబితే నా జెండా సంగతి చెప్పాలి." మేస్త్రి మొహం తుడుచుకున్నాడు. "ఇంకోటుంది బాబాయ్. వచ్చేది డాక్టరని నాకు తెలుసు. కప్పు పోయిన మంట ఇంకా చల్లారలేదు. ఆ కోను చూసి తడబడి ఓ సెకను పోగొట్టుకుంటే పోగొట్టుకోనీ అనుకున్నాను. నీళ్ళ సంగతి తట్టలేదు. చచ్చిపోవాలని అనుకోలేదు. కానీ పోనీ అని మాత్రం అనుకున్నాను."

భూతద్దానికి వీపు వెనక గుమ్మం గుర్తొచ్చింది. ఒక్క అంగలో వెళ్ళి మేస్త్రి భుజాలు పట్టుకున్నాడు. "ఆ మాట నువ్వనలేదు. నేను వినలేదు. నీకు భార్యా బిడ్డా ఉన్నారు. నోరు ముయ్యి."

"మూసుకునేగా ఇంతవరకూ వచ్చింది," అన్నాడు మేస్త్రి. "ఇంక నావల్ల కాదు."

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. విడుదల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బల్ల మీద తెల్లకాగితం పరిచాడు. మొహం ఎత్తి గురువు కేసి చూడలేదు.

"మేస్త్రీ, జెండా దగ్గర్నించి మొదలుపెట్టు," అన్నాడు. "సార్, మీరూ కూర్చోండి. మూడింటికి ఇద్దర్నీ తీసుకెళ్ళాలి."